పేదింటి ఫోను మోగుతూనే ఉండాలి

మన దేశంలో మొబైల్ కనెక్షన్లు 110 కోట్లు దాటి చాలా కాలమైంది. ఈ అంకె వినగానే, పేదల చేతికి కూడా ఫోను వచ్చేసింది కదా, ఇక ఆ సంగతి మాట్లాడుకోవలసిన పని లేదు అనిపిస్తుంది. నేను ఈ పూట చెప్పదలచుకున్నది అక్కడే మొదలవుతుంది. ఫోను చేతిలో ఉండటం ఒక ఎత్తు. అది ఈ నెలా, వచ్చే నెలా, డబ్బున్న రోజూ, లేని రోజూ ఆగకుండా పనిచేయటం మరొక ఎత్తు. తక్కువ రాబడితో బతికే కుటుంబానికి ఫోను వల్ల కలిగే మేలులో అత్యధిక భాగం ఈ రెండోదాని మీదే ఆధారపడి ఉంది. మన లెక్కలు మాత్రం మొదటిదాన్నే లెక్కిస్తున్నాయి. కనెక్షన్లు ఎన్ని అని చూస్తున్నాయి తప్ప, ఆ కనెక్షన్లలో ఎన్ని నెలకు ఎన్ని రోజులు మూగబోతున్నాయో చూడటం లేదు. పేదవారి క్షేమాన్ని కొలవాలంటే చూడవలసింది ఆ మూగబోయిన రోజుల్ని అని నా అభిప్రాయం.

ముందు ఫోను నిజంగా మేలు చేస్తుందా అన్న ప్రశ్న తీసుకుందాం. దీనికి అర్థశాస్త్రంలో బాగా పేరుపడ్డ సాక్ష్యం ఒకటి మన పొరుగున కేరళ తీరం నుంచే ఉంది. 1997 జనవరి 14న, ఉత్తర కేరళలోని వడకరలో 11 మంది మత్స్యకారులు పట్టి తెచ్చిన మత్తి చేపల్ని, అంటే మన కోస్తావాళ్లు కవళ్లు అనే చేపల్ని, కొనేవాడు లేక పారబోయవలసిన స్థితిలో ఉన్నారు. అదే సమయానికి పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న వేరే రేవుల్లో చేపలు దొరక్క కొనేవాళ్లు వట్టి చేతులతో తిరిగి వెళ్లబోతున్నారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన పరిశోధనలో ఈ సంగతి నమోదు చేశారు. 1997 నుంచి 2001 మధ్య ఆ తీరం వెంట అంచెలంచెలుగా టవర్లు వచ్చాయి. పడవల్లోనివాళ్లు నీటి మీద ఉండగానే ఏ రేవులో ధర బాగుందో ఫోనులో కనుక్కోవటం మొదలుపెట్టారు. అంతకుముందు పట్టిన చేపల్లో నూటికి 5 నుంచి 8 పాళ్లు వృథా అయ్యేవి. ఫోన్లు వచ్చాక ఆ వృథా దాదాపు లేకుండా పోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది. విశేషమేమిటంటే కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ బాగుపడిన సందర్భాలు సంతలో అరుదు. ఎవరికీ దక్కకుండా సముద్రం పాలవుతున్న సంపద మనుషుల నోటికి చేరింది గనుక అది సాధ్యమైంది.

ఆ మత్స్యకారులకు ఫోను కొత్తగా చేపలు పట్టి ఇవ్వలేదు. ఏ రేవుకు వెళ్తే గిట్టుబాటవుతుందో తెలియని అయోమయాన్ని తీసేసింది. పేదరికంలో తిండికీ బట్టకీ ఉండే కొరత అందరికీ కనిపిస్తుంది. రేపు పని దొరుకుతుందో లేదో, పంపిన డబ్బు చేరిందో లేదో, ఆస్పత్రిలో డాక్టరు ఉన్నాడో లేదో తెలియక పడే ఆందోళన అంతగా కనిపించదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, మండల కార్యాలయం దాకా వెళ్లి, సారు రాలేదని విని తిరిగి రావటం మన పల్లెల్లో ఎంత మామూలు విషయమో మీకు తెలుసు. ఒక్క ఫోను కాల్‌తో ఆ కూలీ దక్కుతుంది, ఆ ఛార్జీ మిగులుతుంది. ఇలాంటి చిన్న చిన్న మిగుళ్లు ఏ పథకం లెక్కలోకీ రావు గానీ, ఏడాదంతా కూడితే పేద కుటుంబానికి తక్కువేమీ కాదు.

ఇంకా బలమైన సాక్ష్యం ఆఫ్రికాలోని కెన్యా నుంచి వచ్చింది. 2007 మార్చిలో అక్కడ ఎం-పెసా అనే సేవ మొదలైంది. మామూలు బటన్ ఫోను నుంచి సందేశం రూపంలో డబ్బు పంపుకోవచ్చు. బ్యాంకు ఖాతా అక్కర్లేదు. వీధి చివర కిరాణా కొట్టువాడి దగ్గర నోట్లు ఇచ్చి ఫోనులో వేయించుకోవచ్చు, అతని దగ్గరే తిరిగి నోట్లుగా తీసుకోవచ్చు. టవ్‌నీత్ సూరి, విలియమ్ జాక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కొన్నేళ్లపాటు అక్కడి కుటుంబాలను వెంబడించి చూశారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పంట పోయినప్పుడు, పని ఊడినప్పుడు ఈ సేవ లేని కుటుంబాల వినియోగం సగటున 7 శాతం పడిపోయింది. సేవ ఉన్న కుటుంబాల్లో అలాంటి కోత కనిపించలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. పట్నంలో ఉన్న తమ్ముడో, పొరుగూరి మేనమామో ఆ పూటే కొంత డబ్బు పంపగలిగారు. కష్టాన్ని పదిమంది తలా కాస్త పంచుకున్నారు. 2016లో వారు వెల్లడించిన అంచనా ప్రకారం, ఈ సేవ వల్ల 1,94,000 కుటుంబాలు, అంటే ఆ దేశంలోని కుటుంబాల్లో నూటికి రెండు, దుర్భర దారిద్ర్యం నుంచి బయటపడ్డాయి. సుమారు 1,85,000 మంది స్త్రీలు తిండిగింజల సాగు నుంచి చిన్న చిన్న వ్యాపారాల వైపు మళ్లారు.

ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి. ఎం-పెసా పేదవారి చేతిలో కొత్తగా డబ్బు పెట్టలేదు. ఆపద వచ్చిన రోజున వాళ్లు కిందికి జారిపోకుండా ఆపింది. మేలులో పెద్ద భాగం ఆ ఆపద వచ్చిన రోజులోనే ఉంది. మరి మన దగ్గర పేదవారి ఫోను ఏ రోజున ఆగిపోతుంది? సరిగ్గా ఆ రోజునే. పని దొరకని వారంలో, జ్వరం వచ్చి మంచం పట్టిన పదిరోజుల్లో, ఆస్పత్రి ఖర్చుకు చేతిలో డబ్బంతా ఊడ్చుకుపోయిన నెలలో రీఛార్జి గడువు అయిపోతుంది. డబ్బున్నవాడికి రీఛార్జి ఒక తేదీ మాత్రమే. లేనివాడికి అది బియ్యంతో, మందులతో పోటీ పడే ఖర్చు. కష్టకాలంలో ఆ పోటీలో ఓడిపోయేది ఫోనే. అప్పో సాయమో అడగటానికి, మేస్త్రీ నుంచి పని కబురు అందుకోవటానికి, బిడ్డ క్షేమం కనుక్కోవటానికి అన్నిటికంటే ఎక్కువ అవసరమైన వేళ అది మూగబోతుంది. గొడుగు వాన రోజునే చిరిగితే ఎండ రోజున అది ఎంత బాగున్నా ఏం లాభం?

ఇది ఒక్క మన సమస్యే అనుకోనక్కర్లేదు. అమెరికాలో నగరాల్లోని పేద పేటల్ని అధ్యయనం చేసిన ఎమీ గొంజాలెస్ అనే పరిశోధకురాలు పదేళ్ల కిందటే ఈ విషయాన్ని స్పష్టంగా ఎత్తిచూపారు. అక్కడి పేదలకు ఫోన్లు లేకపోవటం అరుదు, ఉన్న ఫోను నిలకడగా పనిచేయకపోవటమే మామూలు. ముందుగా కట్టిన డబ్బు అయిపోతుంది, ఫోను పగులుతుంది, పోతుంది, దొంగలెత్తుకుపోతారు, నంబరు మారుతుంది. దాంతో ఆస్పత్రివాళ్లకూ, పని ఇచ్చేవాళ్లకూ ఆ మనిషి ఆచూకీ దొరకదు. ఫోను కొనుక్కోవటం ఒక్కసారితో అయిపోయేది, దాన్ని నిలబెట్టుకోవటం మాత్రం ప్రతి నెలా చేయవలసిన పోరాటం అని ఆమె పరిశోధనల సారాంశం. సంపన్న దేశంలోనే పేదల పరిస్థితి ఇలా ఉంటే, రోజు కూలీ మీద బతికేచోట వేరే చెప్పాలా?

ఆరోగ్యం విషయంలో ఈ నిలకడ ఎంత విలువైనదో చూపే ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. కెన్యాలో ఎయిడ్స్ మందులు మొదలుపెట్టిన 538 మంది రోగులతో చేసిన అధ్యయనం అది. 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి ఆస్పత్రి నుంచి వారానికి ఒకసారి ఒక చిన్న సందేశం వెళ్లేది. ఎలా ఉన్నారు అని, అంతే. బాగున్నాను అనో, ఇబ్బందిగా ఉంది అనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవారికి నర్సు ఫోను చేసి మాట్లాడేది. సందేశం అందనివారిలో మందులు క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లు నూటికి 50 మంది ఉంటే, అందినవారిలో 62 మంది ఉన్నారు. మందు అదే, ఆస్పత్రి అదే. తనను అడిగేవారు ఒకరున్నారన్న భరోసా వారం వారం అందటమే తేడా. ఫోను వారం తప్పించి వారం పనిచేస్తే ఆ భరోసా నిలవదు. మన దేశంలో గర్భిణులకు, బాలింతలకు వారానికొక ఆరోగ్య సందేశాన్ని గొంతుతో వినిపించే కిల్కారీ అనే పథకం 2016లో మొదలైంది. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా మొత్తం 72 సందేశాలు. ఆలోచన చక్కనిది. దానికి ఎదురైన పెద్ద అడ్డంకుల్లో నంబర్లు మారిపోవటం ఒకటి, ఫోను భర్త దగ్గర ఉండటం మరొకటి.

ఇప్పుడు మన దేశపు రీఛార్జి చరిత్ర కొంచెం చూడాలి, ఎందుకంటే ఈ ఇబ్బంది దైవికంగా వచ్చింది కాదు. 1995లో మొబైల్ సేవ మొదలైనప్పుడు వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టేవాళ్లం. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2005 చివరలో లైఫ్‌టైమ్ పథకాలు వచ్చాయి. ఒకసారి 999 రూపాయలు కడితే, నెలనెలా కట్టకపోయినా ఇన్‌కమింగ్ ఆగేది కాదు. పది రూపాయల టాప్ అప్ వీధి కొట్లో దొరికేది. పేదలు ఈ ఏర్పాటును తమ తెలివితో ఇంకా చవక చేసుకున్నారు. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేస్తే అవతలివాళ్లే తిరిగి చేసేవాళ్లు. రెండు మోతలైతే బస్సెక్కాను, మూడైతే దిగాను అని ఇంట్లోనే సంకేతాలు పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. చేతిలో రూపాయి లేని రోజున కూడా ఆ ఫోను మోగేది. అదే దాని బలం.

ఆ బలం క్రమంగా పోయింది. అప్పట్లో ఒక కంపెనీ చందాదారుకు వేరే కంపెనీ నుంచి కాల్ వస్తే, అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంత అని ఆదాయం వచ్చేది. ఆ రుసుము 2017 అక్టోబరులో నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గింది, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా పోయింది. కాల్స్ అందుకోవటమే తప్ప చేయని పేద చందాదారు ఒకప్పుడు కంపెనీకి ఎంతో కొంత రాబడి తెచ్చేవాడు. ఆ రుసుము పోయేసరికి అతను బరువయ్యాడని నేను అనుకుంటాను. 2018 చివరలో పెద్ద కంపెనీలు కనీసం 35 రూపాయలు కడితేనే 28 రోజులు ఇన్‌కమింగ్ ఉంటుందన్నాయి. ఆ కనీసం పెరుగుతూ పెరుగుతూ వచ్చి, 2024 జులై పెంపు తర్వాత మామూలు 28 రోజుల పథకం 189, 199 రూపాయలకు చేరింది. ఒక కంపెనీ తాను అమ్మే ఒక రకం ఫోను కొన్నవారికి 123 రూపాయలకే ఇస్తోంది. ప్రభుత్వ సంస్థ ధరలు ఇంకొంచెం తక్కువ. అయితే ఆ ఫోనే కొనాలి, ఆ సంస్థ సిగ్నలే ఊళ్లో అందాలి.

డేటా చవకైంది కదా అంటారు. నిజమే, 2016 తర్వాత మన దేశంలో డేటా ప్రపంచంలోనే అతి చవకల్లో ఒకటైంది. దానివల్ల కోట్లమంది యువతకు లాభం కలిగింది. కానీ బటన్ ఫోను వాడే ముసలమ్మకు ఆ డేటాతో పని లేదు. ఆమెకు కావలసింది కొడుకు చేసే కాల్ మోగటం. ఒక లెక్క చెబుతాను. 2023–24 గృహ వినియోగ సర్వే ప్రకారం, పల్లెల్లో అట్టడుగున ఉన్న 5 శాతం జనాభాలో ఒక మనిషి నెలసరి ఖర్చు సగటున 1,677 రూపాయలు. తిండి, బట్ట, మందు, అన్నీ అందులోనే. 28 రోజులకు 199 చొప్పున ఏడాదికి 13 సార్లు కడితే 2,587 రూపాయలు, నెలకు సుమారు 216. ఒంటరిగా బతికే వృద్ధురాలి ఖర్చులో ఇది ఎనిమిదో వంతుకు పైమాటే. అయిదుగురున్న ఇంట్లో ఒకే ఫోను పెట్టుకున్నా ఇంటి ఖర్చులో రెండున్నర శాతం. ఒకేసారి ఎక్కువ మొత్తం కట్టగలిగితే నెలసరి భారం తగ్గుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కాల్స్, సందేశాలకు మాత్రమే పరిమితమైన పథకాలు తప్పనిసరిగా ఇవ్వాలని కంపెనీలకు నిబంధన పెట్టింది. మంచి పని. ఆ పథకాలు వచ్చాయి గానీ 84 రోజులకు సుమారు 450, 470 రూపాయల చొప్పున ఒక్కసారిగా కట్టేవిగా వచ్చాయి. లెక్కకు చవకే. ఉపాధి హామీ పనిలో ఆంధ్రప్రదేశ్‌లో 2025–26కు రోజుకూలి 307 రూపాయలు. ఒకటిన్నర రోజు కూలి ఒకేసారి తీసి ఇవ్వగలిగిన ఇంటికే ఆ చవక అందుతుంది. పదీ ఇరవై చొప్పున సంపాదించి పదీ ఇరవై చొప్పున ఖర్చు పెట్టేవారికి పెద్ద పొట్లం ఎంత చవకైనా దూరమే.

ఫోను ఆగిపోతే ఏమవుతుందో దేశమంతా ఒకసారి కళ్లారా చూసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి లక్షలాది వలస కూలీలు ఊరుగాని ఊళ్లో చిక్కుకున్నారు. కూలి లేదు, రీఛార్జి కొట్లు మూతపడ్డాయి. అన్నం ఎక్కడ పెడుతున్నారో, రైలు ఎప్పుడు కదులుతుందో, ఊళ్లో తల్లిదండ్రులు ఎలా ఉన్నారో తెలుసుకోవటానికి ఉన్నది ఆ ఫోనొక్కటే. ట్రాయ్ కంపెనీలకు రాసింది. కొన్ని పెద్ద కంపెనీలు తక్కువ ఆదాయం ఉన్న చందాదారులకు ఏప్రిల్ 17 దాకా గడువు పెంచాయి, 10 రూపాయల టాక్‌టైమ్ కలిపాయి. ఆ నిర్ణయం తీసుకున్నవారిని మెచ్చుకోవాలి. అందులో మనం గుర్తుంచుకోవలసిన విషయం కూడా ఉంది. ఆపదలో ఉన్న మనిషికి ఇన్‌కమింగ్ ఆపకూడదని ప్రభుత్వమూ, కంపెనీలూ ఒప్పుకున్నాయి. అది సాంకేతికంగా సాధ్యమేనని చేసి చూపించాయి. దేశానికంతా ఒకేసారి వచ్చిన ఆపద గనుక అప్పుడు చేశారు. ఒక్కొక్క పేదింటికి ఒక్కొక్క నెలలో విడివిడిగా వచ్చే ఆపదను ఎవరూ ప్రకటించరు, అంతే తేడా.

ఫోను ఆగితే పోయేది మాటలు మాత్రమే అయితే, ఓర్చుకోవచ్చు అనేవారు ఉండవచ్చు. కానీ గత పదేళ్లలో మన ప్రభుత్వాలూ బ్యాంకులూ పౌరుడి గుర్తింపును అతని ఫోను నంబరుకు కట్టేశాయి. ఆధార్‌కు ఓటీపీ, బ్యాంకుకు ఓటీపీ, రైతుకు వచ్చే సాయానికి ఓటీపీ, గ్యాస్ బండకు ఓటీపీ. నంబరు పోయినవాడు తన సొంత డబ్బుకే పరాయివాడవుతాడు. వాడకం ఆగి రద్దయిన నంబరును 90 రోజులైనా గడిచాక వేరేవారికి కేటాయించవచ్చని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే దీర్ఘకాలం జబ్బుపడి రీఛార్జి మానేసిన మనిషి కోలుకునేసరికి, ఆ మనిషి బ్యాంకు సందేశాలు ముక్కూ మొహం తెలియని ఇంకొకరికి వెళ్తుండవచ్చు. ఉపాధి హామీ సామూహిక పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి హాజరు ఎక్కించటం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే చెమటోడ్చిన రోజు కూలికి గండం. మన ఏజెన్సీ గూడేల్లో రేషన్ బియ్యం కోసం వేలిముద్ర వేయటానికి సిగ్నల్ ఉన్న గుట్ట దాకా నడిచివెళ్లే గిరిజనుల గురించి పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. హక్కును ఫోనుకు ముడిపెట్టినవారి మీద, ఆ ఫోను పనిచేసేలా చూసే బాధ్యత కూడా ఉంటుంది. ముడి వేసి బాధ్యతను రీఛార్జి కొట్టుకు వదిలేయటం న్యాయం కాదు.

ఈ అస్థిరత భారం ఇంట్లో అందరి మీదా ఒకేలా పడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో నూటికి 54 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కొంచెం తక్కువ. ఇంట్లో రెండు ఫోన్లుండి ఒకదానికే డబ్బులుంటే, ఆగిపోయేది ఎవరి ఫోనో చెప్పనక్కర్లేదు. గోదావరి జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల సంగతి చూడండి. వారికి ఫోను అంటే పిల్లల గొంతు మాత్రమే కాదు, రక్షణ కూడా. గల్ఫ్ ఇళ్లలో పనిచేసే స్త్రీలను యజమానులు వేధించిన ఉదంతాల్లో, ముందుగా ఫోను లాక్కోవటం పదేపదే బయటపడిన సంగతి. మనిషిని ఒంటరి చేయాలంటే ముందు మాట ఆపాలని ఆ యజమానులకు బాగా తెలుసు. మన విధానాలు రాసేవారికీ ఆ సంగతి తెలియాలి.

ఇక ఆక్షేపణలకు వద్దాం. కొన్ని తేలిగ్గా తీసివేయగలిగినవి కావు. పరిశోధనలోంచి వచ్చేది మొదట చెబుతాను. మహారాష్ట్రలో 100 గ్రామాల రైతులకు ఏడాదిపాటు ధరలు, వాతావరణ సమాచారం ఫోనుకు ఉచితంగా పంపి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2012లో వచ్చింది. ఫాఫ్‌షాంప్, మిన్టెన్ అనే ఆర్థికవేత్తలు చేసినది. రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. కేరళ తీరానికి తర్వాత వెళ్లి చూసిన జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే పరిశోధకులు, అక్కడ అందరూ ఇష్టం వచ్చిన రేవుకు వెళ్లి అమ్ముకునే స్వేచ్ఛ ఉన్నవారు కాదని, పెట్టుబడి అప్పు ఇచ్చిన దళారీకే చేప అప్పజెప్పవలసినవారు ఎందరో ఉన్నారని గుర్తు చేశారు. మన గుంటూరు మిర్చి రైతుకూ, కృష్ణా డెల్టా కౌలురైతుకూ ఇది కొత్త సంగతి కాదు. అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారికి కాకుండా వేరేవాడికి అమ్ముకోలేనప్పుడు, నాలుగు మార్కెట్ల ధరలు తెలిసినా ఏం చేస్తాడు? ఈ ఆక్షేపణలో నిజముంది. ఫోను భూమినివ్వదు, అప్పు తీర్చదు. సంతలో బలాబలాలను అది ఒక్కటే మార్చేస్తుందని నేను అనను. నా వాదన ధరల మీద ఆధారపడింది కాదు. ఆపదలో సాయం అందటం, పని కబురు అందటం, వైద్యం అందటం, హక్కుగా రావలసిన సొమ్ము అందటం, ఇవి దళారీ చేతిలో లేవు. వీటిలో ఫోను నిలకడే నిర్ణాయకం.

రెండో ఆక్షేపణ హృదయానికి దగ్గరగా తగిలేది. ఫోను పేదల్ని ముంచుతోంది కదా అంటారు. 2020 చివరలో రుణ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. ఆన్‌లైన్ రమ్మీలో, బెట్టింగుల్లో ఇళ్లు గుల్లయ్యాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ ఆటల్ని నిషేధించాయి, 2025లో కేంద్రమే చట్టం చేసింది. ఈ హాని నిజం, దాన్ని తగ్గించి చెప్పటం పాపం. కానీ ఒక విషయం గమనించండి. ఆ రుణ యాప్‌ల వలలో పడినవారిలో అధికులు ఏ దారీ లేక, మూడు వేలకో అయిదు వేలకో చేయి చాచినవారు. ఆ హాని ఆపే పని పోలీసులది, రిజర్వు బ్యాంకుది, యాప్‌లు అమ్మే సంస్థలది. దానికి విరుగుడుగా పేదవాడి ఇన్‌కమింగ్ కాల్ ఆపమని ఎవరూ అనలేరు. నేనడిగే కనీస సేవలో, అంటే కాల్ అందటం, సందేశం అందటం, అవసరానికి నాలుగు కాల్స్ చేసుకోగలగటంలో, జూదానికి చోటే లేదు.

తిండి లేనివాడికి ఫోనెందుకు అనే మాట కూడా వింటుంటాం. తిండి, ఫోను ఒకదానికొకటి పోటీ అనుకోవటంలోనే పొరపాటుంది. అడ్డా మీద నిలబడే కూలీకి తిండి తెచ్చే పని ఈ రోజుల్లో మేస్త్రీ ఫోను ద్వారానే వస్తోంది. పట్నంలో నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికి ఒక ఇల్లు పోతే మరో ఇల్లు చూపించేది ఆ ఫోనే. పేదలే ఈ వాదనకు జవాబు చెప్పారు. ఎన్నో ఇళ్లలో ఒక పూట కూర మానుకుని అయినా రీఛార్జి చేయించుకుంటున్నారు. వారికి తమ అవసరాలు తెలియవని మనం అనుకోవటం తగదు.

చివరిది కంపెనీల వైపు నుంచి వచ్చే మాట. టవర్లు కట్టాలి, స్పెక్ట్రమ్ కొనాలి, చందాదారు ఏమీ కట్టకపోతే సేవ ఎలా నడుస్తుంది అని. ఇది న్యాయమైన ప్రశ్నే. అందుకే భారం కంపెనీల మీద మాత్రమే వేయమని నేను అనటం లేదు. టెలికాం కంపెనీల సవరించిన ఆదాయంలో 5 శాతం, అందరికీ సేవ అందించటం కోసమని ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా వసూలు చేస్తోంది. ఆ నిధికి 2023 టెలికాం చట్టం డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. వసూలైన దానిలో పెద్ద వాటా ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా ఉండిపోయింది. ఖర్చయినది అవసరమైన పనికే అయింది. 2021లో ఆంధ్రప్రదేశ్ సహా 5 రాష్ట్రాల వెనకబడిన జిల్లాల్లో 7,287 గ్రామాలకు, 2022లో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలకు 4జీ అందించే పథకాలకు కేంద్రం ఆమోదం తెలిపింది. టవరు రావాలి, తప్పక రావాలి. టవరు కింద కూర్చున్న మనిషి దగ్గర రీఛార్జికి డబ్బు లేకపోతే ఆ టవరు అతనికి రానట్టే. సేవను నిలబెట్టుకోవటానికి కూడా ఆ నిధి నుంచి సాయం అందాలి. ఇది ఎక్కడా లేని కోరిక కాదు. అమెరికా 1985 నుంచి లైఫ్‌లైన్ అనే పథకం కింద పేద కుటుంబాల ఫోను బిల్లులో కొంత భరిస్తోంది. 2005లో కత్రినా తుఫాను తర్వాత దాన్ని ప్రీపెయిడ్ మొబైల్ ఫోన్లకూ విస్తరించింది. ఇప్పుడు నెలకు 9 డాలర్ల 25 సెంట్ల దాకా సాయం ఇస్తోంది. బజారు సూత్రాన్ని అంత గట్టిగా నమ్మే దేశమే, పేదవాడి ఫోను మోగటం అందరికీ మేలని గుర్తించింది.

ఈ మేలు అందరిదీ అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఆ నంబరుకు ఉచితంగానే ఫోను చేయవచ్చు. కానీ వీధి పేరు లేని పేటలో, దీపం లేని గూడెంలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చే డ్రైవరు తిరిగి ఫోను చేయాలి. అప్పుడు ఇన్‌కమింగ్ లేకపోతే? తుఫాను హెచ్చరిక తీరంలోని గుడిసెకు చేరాలన్నా, బడి నుంచి బిడ్డకు జ్వరమని తల్లికి కబురు రావాలన్నా, అవతలి ఫోను బతికి ఉండాలి. కాల్ చేసేవారికి పూర్తి ప్లాను ఉన్నా, అందుకునేవారి ఫోను మూగబోతే ఇద్దరూ నష్టపోతారు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోగలగటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ మాటను పేదవాడి రీఛార్జి దాకా తీసుకువెళ్లటం ఇప్పుడు చేయవలసిన పని. అందుకు నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. రేషన్ కార్డు ఉన్న ప్రతి కుటుంబానికీ, అందులోనూ ఆ ఇంటి స్త్రీ పేరున ఉన్న ఒక నంబరుకు, రీఛార్జి కట్టినా కట్టకపోయినా ఇన్‌కమింగ్, సందేశాలు ఏడాది పొడుగునా ఆగకుండా ఉండాలి. ఖర్చు డిజిటల్ భారత్ నిధి భరించాలి. మాటలకు మాత్రమే పరిమితమైన పథకం నెలకొకసారి కట్టే చిన్న మొత్తంలో దొరకాలి. పింఛను, రేషన్, ఉపాధి కూలి వంటి వాటికి ఓటీపీ, సిగ్నల్ లేనిచోట కాగితం మీద పని జరిగే దారి తప్పనిసరిగా తెరిచి ఉంచాలి. ట్రాయ్ నెలనెలా ప్రకటించే అంకెల్లో కనెక్షన్లు ఎన్ని అన్నదానితో పాటు, గడువు తీరి ఆగిపోయినవి ఎన్ని, ఎన్ని రోజులు ఆగాయి అన్నది కూడా చెప్పాలి.

శ్రోతలారా, ట్రాయ్ ఏ నిబంధన మార్చబోయినా ముందుగా ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయాలు అడుగుతుంది. కంపెనీలు తమ అభిప్రాయాలు తప్పకుండా పంపుతాయి. పేదల తరఫున రాసేవారు తక్కువ. స్వయం సహాయక సంఘాలు, కూలి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు, గ్రామ పంచాయతీలు ఆ పని చేయగలవు. మీరు ఏ సంఘంలో సభ్యులైనా, తర్వాతి సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టండి. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఫోను గడువు తీరి ఆగిపోయి ఉందో లెక్క తీసి, ఆ లెక్కతో సహా తెలుగులోనే రాసి పంపండి.